నీళ్ల తూకం

దమ్మామ్, ఖుదరియా తుక్కు యార్డుల
ఏడో నంబరు గోడ పక్క
ఇసుకల సగం కూరుకపోయి ఉన్నది అది.
రాజలింగు చూసి నీళ్ల ట్యాంకరన్నడు.
నేను పాత డెయిరీ మిషనన్న.
చక్రాలు తవ్వినంక గని తెల్వలే
రైలింజనని.

క్రేనుతోని లేపి కాటా మీద పెడితే ముప్పై రెండు టన్నులు.
పొగగొట్టం లేదు.
నెత్తిమీద పెండ్లిపందిరంత వెడల్పు
సన్న సన్న పైపుల అల్లిక,
లోపట నాలుగు పంకలు, ఒక్కోటి మనిషెత్తు.
డ్రైవరు గది ముందటికి, బాయిలరు ఎనకకు,
ముందరెనక మార్చి తొడుక్కున్న అంగీ లెక్క.

పోశెట్టి కాక
బోధన్ చక్కెర ఫ్యాక్టరీల బాయిలరు కాడ పదేండ్లు నిలబడ్డోడు.
కట్టరు బందువెట్టి, చేతి తొడుగు తీసి
పైపుల వెంట వేలు ఆనిచ్చుకుంట పోయిండు,
తప్పిపోయిన బర్రె అడుగులు పట్టినట్టు.
ఒక్క చుట్టు తిరిగొచ్చి నవ్విండు.
"ఎవడో మహా పిసినారి చేసిండురా దీన్ని.
ఆవిరిని బైటికి పోనియ్యడట.
పట్టి, సల్లార్చి, నీళ్లు చేసి
మల్ల బాయిలరుకే తాపుతడట.
ఎడారి గదా, నీళ్లేడియి?
ఒక్క ట్యాంకుతోని హుఫూఫ్ దాక పోయి రావాలె."

మరేమాయె కాకా?

"ఏమైతది. సల్లార్చెటందుకు సల్లగాలి గావాలె.
జూన్ల ఈడి గాలి నీకెరుకే గద,
పొయ్యి మీదికెల్లి వస్తది.
చాలలేదని పంకలు పెంచిండు,
పంకలు తిప్ప మల్ల ఆవిరే గావాలె.
మోట గొట్టే ఎడ్లే మోట నీళ్లన్ని తాగినట్టు.
చక్రాలకేం మిగిలింది?"
కొంచెం ఆగి,
"చుక్ చుక్ గూడ అని ఉండదిది.
ఒంటెలు గూడ పక్కకు జరిగుండయి."

డ్రైవరు గది తలుపు లోపట
మేకుతోని గీసిన గీతలు.
ఒక్కో గీత పక్కన ఒక అంకె.
రెండు వందల మీటర్లు. నాలుగు వందలు.
తొమ్మిది వందల అరవై.
ఆఖరి గీతకు అంకె లేదు,
చెయ్యి జారినట్టు కిందిదాక పోయింది.
ఏ దేశపోడో.
వెల్డింగు నేర్చుకునేటప్పుడు నేను గూడ
ప్రతి అతుకు పక్కన అంకె రాసుకునేది,
పగిలిన వాటి పక్కన గూడ.
ఆ తలుపు దాసిపెట్టిన్నని చెప్తె బాగుంటది.
ఇత్తడి తలుపు. ఇత్తడికి వేరే రేటు.
కోసిన.

పగటీలి కడుపు కింది తొట్టి కోస్తుంటె
మంట ఒక్కసారి చీదింది.
ఎనకకు దునికినం.
కోసిన సందుల నుంచి నీళ్లు,
చాయ్ రంగుల, గోరువెచ్చగ,
ఆగకుండ చానసేపు.
ఎన్నేండ్ల కిందటియో. ఒక్క చుక్క పోనియ్యలే అది.
గా ఒక్క పని మాత్రం జేసింది.
ఇసుక మా ముగ్గురి ముందటనే తాగేసింది.

పొద్దుమీకి ముక్కలన్ని తూస్తె
ఆరు వందల కిలోలు తక్కువొచ్చింది.
కాటా మీది యమనీ, బా వజీరు,
మా మొకాలు చూసిండు, మా సంచులు చూసిండు.
మోయా, అన్న. నీళ్లు. నీళ్లు పోయినయ్.
తడి ఏదన్నడు.
పైన ఎప్పుడో ఎండిపోయింది.
బూటు మొనతోని జానెడు గీకిండు,
ఎర్రటి తడి ఇసుక.
కూసొని, ఇంత చేతికి తీసుకొని వాసన చూసి,
బుక్కుల ఏదో రాసిండు అరబ్బీల.
మా జీతంల నుంచి పట్టలే.

రాత్రి క్యాంపుల
కిటికీ ఏసీ ఎనక సన్న పైపు కింద
ఎవరో పెట్టిన నూనె డబ్బా.
టిక్. టిక్.
గదిల ఎనిమిది మందిమి ఇడిసిన ఊపిరే,
సల్లారి, నీళ్లయి.
పోశెట్టి కాక వాటితోని సాక్సులు పిండుకుంటుండు.
కాకా, ఆయన అడిగింది గిదే గద?
"గిదే" అన్నడు,
డబ్బా మల్ల పైపు కిందికి జరుపుకుంట.
"కాకపోతె దీనికి చక్రాల్లెవ్వు."